నీడన ఎండబెట్టిన తొక్కలు

బేస్‌మెంట్‌లో పరిచిన దుప్పటి ఖాళీగా ఉంది. రెండు వారాలుగా నీడన ఆరుతున్న కమలాపండ్ల తొక్కల్లో ఒక్క ముక్క కూడా మిగల్లేదు. పైన వంటింట్లోంచి గ్రైండర్ చప్పుడు. బిందుమాధవి మెట్లెక్కి పరిగెత్తింది.

నెల కిందటే గుంటూరు నుంచి వచ్చిన అత్తగారు పచ్చటి పొడిని స్టీలు డబ్బాలోకి ఎత్తుతూ మురిసిపోతున్నారు. "చూడు బిందూ, ఎంత కమ్మటి వాసనో! పెసలూ, శనగపప్పూ, కింద ఎండిన తొక్కలూ వేసి సున్నిపిండి పట్టేశాను. ఇక్కడ దొరకదుగా పాపం."

ఏమని తిట్టను ఈవిడని? ప్రేమగానే చేసింది మహాతల్లి! అందుకే ఇంకా ఒళ్లు మండింది.

డైనింగ్ టేబుల్ దగ్గర భర్త జగదీష్ ల్యాప్‌టాప్‌లోంచి తలెత్తకుండానే నవ్వాడు. "పోనీలే బిందూ, తొక్కలేగా! గరాజ్‌లో ఇంకో పెట్టె పళ్లున్నాయిగా."

తొక్కలేగా! పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో పండు వలిచేది ఆమే. తెల్ల పీచంతా తీసి, తొనలు ప్లేటులో పెట్టి చేతికిస్తే తప్ప ఆయన తినడు. నలభై దాటాక ఆమె ఫుడ్ సైన్స్‌లో మాస్టర్స్‌కి చేరింది. అందరికీ లంచ్ బాక్సులు సర్ది, ఇంటి దగ్గరి నేపర్‌విల్ స్టేషన్‌లో ట్రైన్ పట్టుకుని షికాగో వెళ్లి వస్తోంది. "మా ఆవిడ తొక్కల మీద రీసెర్చ్ చేస్తోంది. దానికంటే బ్యాంక్‌లో టెల్లర్‌గా చేరినా నయం" అని ఆయన స్నేహితుల ముందు అంటే అందరూ పగలబడి నవ్వారు. ఆమె కూడా నవ్వి, గారెల పళ్లెం అందించింది. అది తలుచుకుంటే ఇప్పటికీ తన మీద తనకే కోపం.

ల్యాబ్‌లో మాత్రం ఆమెని చూసి నవ్వేవాళ్లు లేరు. తొక్కల నుంచి తీసిన సారం పడగానే గాజు గొట్టంలోని రసాయనపు ఊదారంగు విరిగి లేత పసుపులోకి దిగుతుంది. ఎంత బాగా విరిగితే, నూనెల్ని చెడిపోకుండా ఆపే సత్తువ ఆ సారంలో అంత ఉన్నట్టు. ఓవెన్‌లో ఎండిన తొక్క కంటే నీడన ఆరిన తొక్కకే ఆ సత్తువ ఎక్కువని పట్టుకున్నది బిందుమాధవి, ప్రొఫెసర్ కాదు. "ఇంకొక్క విడత ఇలాగే వస్తే మే నెల కాన్ఫరెన్స్‌లో నువ్వే నిలబడి చెప్పాలి" అన్నాడాయన. ఆ విడత కాస్తా ఇప్పుడు సున్నిపిండి అయి కూర్చుంది.

ఆమె గరాజ్‌లోంచి పళ్ల పెట్టె మోసుకొచ్చి టేబుల్ మీద దించింది. జగదీష్ ల్యాప్‌టాప్ మూసేసింది.

"ఏంటిది? లంచ్ చెయ్యలేదా ఇంకా?"

"ఇవాళ వంట లేదు. ఈ పెట్టె మొత్తం వలవాలి. మీరూ వలవండి."

"నాకు వలవడం రాదు కదా!"

"నేర్చుకోండి. ఇవి ఎండాలి, టెస్ట్ చెయ్యాలి, మేలో నేను స్టేజ్ ఎక్కాలి."

అత్తగారు డబ్బా పక్కన పెట్టారు. మొహం చిన్నబోయింది. "ముందే చెబితే ముట్టుకునేదాన్నా అమ్మా?"

"మీరెప్పుడైనా అడిగారా అత్తయ్యా?"

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని ఒక పండు తీసుకున్నారు. కాసేపయ్యాక, "ఇంతకీ వీటితో ఏం చేస్తావే?" అన్నారు.

ఎవరైనా అడగాలని ఇన్నాళ్లూ ఎదురుచూసిందేమో, బిందుమాధవి వలుస్తూనే అంతా చెప్పింది, ఊదారంగూ, పసుపూ, నీడా, ఓవెనూ. గొంతు తగ్గించలేదు. మధ్యలో నవ్వెయ్యలేదు.

"అయితే ఇది లోకంలో ముందు నీకే తెలిసిందా?" అత్తగారు నోరు తెరిచారు.

"మా ల్యాబ్‌లో ముందు నాకే తెలిసింది" అంది బిందుమాధవి. ఆ మాట అంటుంటే ఆమెకి గర్వంగా అనిపించింది. దాచుకోవాలనిపించలేదు.

జగదీష్ తంటాలు పడి మొదటి పండు వలిచాడు. రసం చిమ్మి కళ్లజోడంతా చుక్కలు. తొక్కలు ఆమె వైపు జరిపి, అలవాటుగా తొన నోట్లో పెట్టుకోబోయాడు.

"ఆగండి." బిందుమాధవి చెయ్యి చాపింది. "పీచు తీసి నాకివ్వండి."