తిప్పేసిన బిళ్ళ

నీళ్లలోకి దిగేముందు కొట్టు గోడకు వేలాడే ఎవరి పేరుబిళ్ళ వాళ్ళు ఎర్రవైపుకి, పైకొచ్చాక తెల్లవైపుకి తిప్పుకోవాలన్నది ఆ డైవింగ్ కొట్టు నియమం. అక్కడే డైవర్‌గా పనిచేసే ఆమె మొగుడికి మాత్రం ఆ ధ్యాసే ఉండేది కాదు. యాత్రికులకు పగడపు దిబ్బ చూపించి వచ్చి, తడి ఒంటితోనే బిడ్డను ఎత్తుకునేవాడు. కొట్లో కూర్చునే ఆమే అతని బిళ్ళ తిప్పేది.

"నీ మొగుడు తేలాడో మునిగాడో నువ్వు చెప్తేనే మాకు తెలిసేది," అని పడవవాడు ఆటపట్టించేవాడు.

ఆ రోజు యాత్రికులను పడవెక్కించాక, ఒకావిడ జారవిడుచుకున్న కెమెరా కోసం అతను నిండు గాలి సిలిండర్ తగిలించుకుని మళ్ళీ దిగాడు. వెనకాల పడవలో వస్తానన్నాడు. మొదటి పడవ చప్పుడు వినగానే ఆమె అలవాటుగా బిళ్ళ తిప్పేసింది. ఒడ్డు నుంచి బయల్దేరబోతూ తెల్లబిళ్ళ చూసి, వచ్చేశాడనుకుని వెనక పడవవాళ్ళు దిబ్బ దగ్గర అతని కోసం ఆగలేదు. రెండు గంటల తర్వాత వెతికితే, దిబ్బకు పట్టుకున్న పాత వలలో కాళ్ళు చిక్కుకుని దొరికాడు.

వారం రోజులు కడుపులో దాచుకుని, చివరికి అత్తగారికి చెప్పేసింది.

"బిళ్ళ తిప్పింది నేనే అత్తయ్యా."

అత్తగారు కొడుకు చొక్కాలు మడతపెడుతోంది. తలెత్తలేదు.

"అక్కడ లోతెంత?"

"ఐదు మీటర్లు. లోతు తక్కువైతే గాలి ఎక్కువసేపు వస్తుంది."

"ఎంతసేపు?"

అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"గంట పైనే."

"అయితే అంతసేపూ మనం వస్తామనే చూసుంటాడు," అంది అత్తగారు, మడతపెట్టిన చొక్కానే మళ్ళీ విప్పుతూ.