హుచి వెతుకులాట

పొద్దున లేవగానే మిత్సుయో చేసే మొదటి పని ఇంట్లో మూతలన్నీ పెట్టుకుంటూ రావడం. అన్నం కుక్కర్ మూత, టీ డబ్బా మూత, వాషింగ్ మెషిన్ మూత, బియ్యం డ్రమ్ము మూత. తర్వాత ఫ్రిజ్ తలుపు, చెప్పుల అలమర తలుపు. ఒక్కోరోజు కుట్టుమిషను కింది సొరుగు కూడా లాగేసి ఉండేది. అన్నీ సర్దేసరికి హుచి వసారాలో కూర్చుని ఉండేది, ఇంకెక్కడ చూడాలా అని ఆలోచిస్తున్నట్టు వేళ్ళతో మోకాళ్ళు తడుముకుంటూ.

హుచి అంటే ఐనూ మాటలో, జపాన్ ఉత్తరాన ఆదినుంచీ ఉన్నవాళ్ళ మాటలో, అవ్వ. మిత్సుయోకి ఆవిడ అమ్మమ్మ. చనిపోయి ఎనభై ఏళ్ళు కావస్తోంది. తలగుడ్డ ఎప్పుడూ పొందికగా ముడి వేసే ఉండేది గాని, ఆ గుడ్డ లోపల తల లేదు.

తల విశ్వవిద్యాలయం వాళ్ళు పట్టుకుపోయారు. మిత్సుయో వాళ్ళమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు పట్నం నుంచి పెద్దమనుషులు పారలతో వచ్చారు. ఐనూ వాళ్ళ పుర్రెలు కొలిస్తే ఆ జాతి సంగతులు తెలుస్తాయన్నారు. నది పైన దిబ్బ మీద ఉన్న సమాధులు తవ్వారు. ఊరివాళ్ళు వద్దని అడ్డం పోతే మధ్యలో పోలీసు నిలబడ్డాడు. మర్నాడు మధ్యాహ్నం హుచి దిబ్బ దిగి నడుచుకుంటూ ఇంటికొచ్చింది. కూతురు గిన్నెలో చారు పోసి ముందు పెట్టింది. తాగడానికి నోరేది? హుచి ఆ గిన్నె పక్కకి జరిపి, పొయ్యి మీది కుండ మూత తీసి లోపల చెయ్యి పెట్టి చూసింది. ఆ వెతుకులాట అప్పట్నుంచీ ఆగలేదు.

కూర్చున్నచోట పది నిమిషాలు కూర్చునేది కాదు. చుట్టుపక్కల గుర్రాల కొట్టాలకి వెళ్ళి దాణా పెట్టెలు తెరిచేది. పాలవాడి క్యాన్లు తెరిచేది. "ఇందులో లేదవ్వా" అంటూ వాళ్ళు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఇంట్లో దించిపోయేవాళ్ళు. మిత్సుయో సముద్రం ఒడ్డున గులకరాళ్ళ మీద తినే నాచు పరిచి ఎండబెట్టే పనికి పోతుంది. ఆరిన నాచుకట్టలు ఎవరో విప్పి చెల్లాచెదురు చేశారంటే ఎవరూ రెండోమాట అడిగేవాళ్ళు కాదు. మళ్ళీ కట్టుకునేవాళ్ళు.

హుచిని ఒకచోట కూర్చోబెట్టగలిగింది ఒక్క చిహారు మాత్రమే. చిహారు మిత్సుయో ఒక్కగానొక్క కూతురు. పసితనంలో తన అమ్మమ్మ, అంటే మిత్సుయో వాళ్ళమ్మ, ఒళ్ళో పడుకుని ఐనూ మాటలు నేర్చుకుంది. మిత్సుయో నోట మాత్రం ఆ మాటలు ఎవరూ వినలేదు. హుచికి చెవులు లేవు కదా, అందుకని ఆ చెయ్యి తెచ్చి తన గొంతుమీద పెట్టుకుని కబుర్లు చెప్పేది. అరచేతికి తగిలే అదురుని బట్టి హుచి వినేది. ఆరేళ్ళకి బడికి పోయింది. జపాన్ భాషలో ఇనూ అంటే కుక్క. బడి వరండాలో పిల్లలు "అదుగో, ఇనూ వచ్చింది" అని మొరిగారు. ఆ రోజు ఇంటికొచ్చిన చిహారు హుచి చెయ్యి తీసి పక్కన పెట్టేసింది. మళ్ళీ ఆ భాషలో నోరు విప్పలేదు.

ఇప్పుడు చిహారు పట్నంలో ఉద్యోగం చేస్తోంది. చేసేది ఆ విశ్వవిద్యాలయం ఆఫీసులోనే. పెట్టిన దరఖాస్తుల్లో వచ్చింది అదొక్కటే. ఐనూ పిల్లని తెలియకుండా, తనది హకొదాతె పట్నం అని అక్కడ చెప్పుకుంది. ఇంటిపేరు నాన్నది, ఆ ఇంటిపేరువాళ్ళు ఆఫీసులోనే ఇంకో నలుగురున్నారు. ఒత్తుగా ఉన్న కనుబొమ్మలు పొద్దున్నే సన్నగా కత్తిరించుకుని గాని గది దాటేది కాదు.

ఆ అక్టోబరులో మిత్సుయో ఫోన్ చేసింది.

"నేనూ మామయ్యా హుచిని తీసుకుని మీ ఆఫీసుకొస్తున్నామే. తల అడగడానికి. పిలిచారు."



"ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడెందుకమ్మా?"

"ఇన్నాళ్ళూ అడగనివ్వలేదు. ఇప్పుడు అడిగితే వింటామంటున్నారు. నిన్నేం ఇరికించంలే."

"ఇరికించకపోవడమేంటి? ఆ గదిలో టీలు ఇచ్చేది నేనే."

మిత్సుయో ఆలోచించింది. "అయితే ఓ పని చేద్దాం. నువ్వు టీ పెట్టు, నేను తాగుతా. నువ్వెవరో నేనెరగను. సరేనా?"

"మామయ్యో?"

"వాడి నోరు నేను మూయిస్తా."

చిహారుకి ఆ వారమంతా నిద్రపట్టలేదు. కప్పులు కడుగుతుంటే చేతిలోంచి జారిపోయేవి. సెలవు పెడదామనుకుంది, పెట్టలేదు.

అనుకున్న రోజు రానే వచ్చింది. మిత్సుయో అన్న తకేజో కోటు వేసుకుని వచ్చాడు. బస్సులో హుచి ముందు సీట్లవాళ్ళ సంచులన్నీ తెరిచి చూసింది. విశ్వవిద్యాలయం గేటు దగ్గర కాపలావాడు ముగ్గురికీ సందర్శకుల బిళ్ళలిచ్చాడు. హుచి మెడలో బిళ్ళ వేస్తూనే జారి కింద పడింది. రెండుసార్లు చూసి, అతనే పిన్నీసు తెచ్చి ఆవిడ రొమ్ము దగ్గర గుచ్చాడు.

పైన గదిలో సునగావా అనే అధికారి ఎదురొచ్చి ముగ్గురికీ వంగి దండం పెట్టాడు. మంచివాడిలాగే ఉన్నాడు. గొంతు మెత్తన.

"మీ బాధ మాకు అర్థమవుతుంది. కాని మా దగ్గర ఉన్నవాటికి నంబర్లే గాని పేర్లు లేవు. ఏది ఎవరిదో తేలకుండా ఎలా ఇవ్వగలం చెప్పండి?"

"పేరు అడక్కుండా పట్టుకుపోయింది మీరు. ఇప్పుడు పేరు చెప్పమంటున్నదీ మీరే" అన్నాడు తకేజో.

"అప్పటివాళ్ళు చేసినదానికి..."

"మనిషి మీ ఎదురుగా కూచునుంది కదయ్యా!"

సునగావా హుచి వైపు తిరిగి ఇంకోసారి వంగాడు. "ఆవిడ రావడం మాకు సంతోషం. ఆవిడ తల ఇక్కడుంటే ఉండొచ్చు కూడా. కాని ఆవిడ మీ అమ్మమ్మే అని రుజువు కావాలి కదా. పాత రిజిస్టర్లలో ఉన్న పేరు వేరు, మీరు చెబుతున్న పేరు వేరు."

"రిజిస్టర్లో జపాన్ పేరు రాసింది ఎవరు?" అన్నాడు తకేజో.

మిత్సుయో అన్న మోకాలు నొక్కింది. అప్పుడే తలుపు తెరుచుకుని చిహారు ట్రేతో లోపలికొచ్చింది. తలెత్తలేదు. అందరి ముందూ కప్పులు పెట్టింది, హుచి ముందు కూడా. మిత్సుయో "థాంక్సండీ" అంది, కొత్తవాళ్ళతో అన్నట్టు.

హుచి అప్పటికే లేచింది. గోడ అలమర తెరిచింది. చెత్తబుట్టలో చెయ్యి పెట్టి చూసింది. సునగావా తన సంచి జిప్పు తనే తీసి, వెతుక్కోమని ముందుకి జరిపాడు. తిరిగి తిరిగి హుచి చిహారు చేతిలో ఉన్న టీకుండ దగ్గరికొచ్చింది. మూత తీయబోతే వేళ్ళకి వేళ్ళు తగిలాయి.

హుచి ఆగిపోయింది.

ఆ వేళ్ళు మణికట్టు పట్టుకున్నాయి. మోచెయ్యి, భుజం తడుముతూ పైకి పోయాయి. చిహారు గొంతుమీద అరచెయ్యి ఆనించి హుచి అలాగే నిలబడింది. ఒక మాట కోసం.

"ఏమమ్మా, ఆవిడ నిన్ను ఎరుగునా?" అన్నాడు సునగావా.

మిత్సుయోనే గబగబా అందుకుంది. "పొరపాటు పడుంటుందండీ. కళ్ళు లేవు కదా. ఆ అమ్మాయెవరో మేమెరగం."

సునగావా కప్పు కింద పెట్టాడు. "అంటే ఆవిడ మనుషుల్ని పొరపాటు పడతారన్నమాట. అలాగైతే మీ ఇంటికి రావడం కూడా పొరపాటే కావచ్చు కదండీ?"

తకేజో చెల్లెలి వైపు చూశాడు. అన్నమాట వెనక్కి తీసుకుంటే కూతురు పోతుంది. తీసుకోకపోతే అమ్మమ్మ పోతుంది. రెండు చేతులతో కప్పు పట్టుకుని, ఆవిడ అన్నమాట మీదే ఉండిపోయింది. కప్పులో టీ తొణికి ఒళ్ళో పడినా కదల్లేదు.

అది చూసింది చిహారు. అరచేతి కింద గొంతు కదిలింది.

"కుకొర్ హుచి" అంది. నా అవ్వా, అని.

హుచి భుజాలు ఒక్కసారి వణికాయి. చిహారు ఆగలేదు. ఆరేళ్ళప్పుడు ఎక్కడ ఆపేసిందో అక్కణ్ణుంచే వచ్చాయి మాటలు, పసిపిల్ల మాటలు. నేను చిహారుని. పెద్దయ్యాను. నీకు చలేస్తోందా? కాళ్ళు నొప్పులా? ఎందుకింత దూరం వచ్చావు?

"నోరు మూసుకుని ఉండక ఎందుకే ఇదంతా?" అంది మిత్సుయో, ఏడుపు ఆపుకుంటూ.

"నన్ను ఎరగనన్నావుగా. వినలేకపోయాను." ఆ పిల్ల సునగావా వైపు తిరిగింది. "ఈవిడ మా అమ్మ. ఆయన మా మామయ్య. మాది హకొదాతె కాదండీ. అవ్వ వెతుకుతున్నది వెనక భవనంలో ఉంది, తాళం మీ దగ్గరుంది."

"ఇలా మధ్యలో మాట్లాడితే నీ ఉద్యోగం..."

"తెలుసండీ."

సునగావా మొహం తుడుచుకున్నాడు. ఆ భవనం తాళం ఇన్నేళ్ళుగా అతని సొరుగులోనే ఉంది గాని, తను ఎన్నడూ లోపలికి పోలేదు. "చూడ్డానికి మాత్రమే" అని లేచాడు.

లోపల చలి కోస్తోంది. కప్పుదాకా చెక్క అరలు, అరల నిండా తెల్లపెట్టెలు. హుచి చిహారు చెయ్యి వదిలి వాటి మీద పడింది. మూత తీయడం, లోపలి నుదురు తడమడం. తనది కాకపోతే మూత మళ్ళీ పెట్టి, దానిమీద ఒక్కసారి నిమిరి, పక్క పెట్టెకి పోవడం. ఇంట్లో ఏనాడూ మూత పెట్టిన మనిషి కాదు. "ముట్టుకోకూడదండీ" అన్నాడు సునగావా ఒకసారి. ఆ తర్వాత అనలేదు.

కింది వరసలో ఒక పెట్టె దగ్గర హుచి తడుముకోలేదు కూడా. నేలమీద చతికిలబడి, ముడి విప్పి, తల ఎత్తి మెడమీద పెట్టుకుని, మళ్ళీ గుడ్డ కట్టుకుంది. మొహం వచ్చింది. పెదాల చుట్టూ ఐనూ ఆడవాళ్ళు పొడిపించుకునే నీలం పచ్చబొట్టు, చెవులదాకా సాగిన ఒత్తు కనుబొమ్మలు. వెలుతురికి కళ్ళు చికిలించింది.

మిత్సుయో పక్కన మోకాళ్ళమీద కూలబడింది. "అమ్మమ్మా, పోదాం పద. నాలుగింటికి బస్సుంది."

హుచి ఆవిడ చెంప నిమిరి, తీరిగ్గా ఏదో చాలాసేపు చెప్పింది. మిత్సుయో కూతురి వైపు చూసింది.

"రానంటోంది" అంది చిహారు.

"అదేంటే? ఎనభై ఏళ్ళు వెతుక్కుని?"

"ఒళ్ళే ఇంట్లో ఉందట. తల ఇక్కడ వీళ్ళతోనే ఉందట. పక్కనున్నామె పాలు తాగే పిల్లని వదిలొచ్చిందట. ఆ పైనాయన పడవలు చెక్కేవాడట. నంబర్లయితే మీకు తెలుసు, ఊళ్ళూ పేర్లూ నాకు తెలుసు, ఒక్కొక్కళ్ళనీ ఇళ్ళకి పంపండి, అందరూ పోయాక నేనొస్తాను అంటోంది."

"ఇక్కడ వందలమంది ఉన్నారు" అన్నాడు సునగావా మెల్లగా.

"ఔనండీ."

"నీకా భాష బాగా వచ్చా?"

"ఆరేళ్ళ పిల్లకి వచ్చినంత. మిగతాది ఆవిడ చెబుతుంది."

సునగావా బయటికి నడిచాడు. కాపలావాళ్ళని పిలుస్తాడనుకున్నారు. తకేజో కోటు గుండీలు పెట్టుకుని తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. కాసేపటికి సునగావా రెండు చేతుల్లో రెండు కుర్చీలతో వచ్చి, "కొంచెం జరుగుతారా" అన్నాడు. కుర్చీలు వేసి, ఎవరి మొహమూ చూడకుండా అడిగాడు. "ముందు ఎవరట?"

హుచి తలుపుకి దూరంగా ఉన్న పైమూల చూపించింది.

"అక్కడో చిన్నపిల్ల ఉందట. చీకటంటే భయమట దానికి" అంది చిహారు.

సునగావా నిచ్చెన వేసుకుని ఎక్కి, ఆ పెట్టెని రెండు చేతులతో దించాడు. హుచి పిల్ల పేరు చెప్పింది. ఊరి పేరు చెప్పింది. ఊరి పేరు వినగానే తకేజో తల దించుకున్నాడు.

"ఆ ఊరు లేదు. డ్యాము కట్టినప్పుడు నీళ్ళలో పోయింది. వాళ్ళ తాలూకు వాళ్ళెవరూ మిగల్లేదు."

సునగావా ఏదో అనబోయాడు, నిబంధన అనో, రుజువు అనో. అప్పటికే మిత్సుయో మెడలోని ఉన్ని శాలువా తీసి ఒళ్ళో పరిచింది.

"అయితే మా ఇంటికొస్తుంది" అంది. "ఇలా ఇవ్వండి."

సునగావా ఇచ్చాడు. శాలువాలో చుట్టి, రొమ్ముకి హత్తుకుని, మిత్సుయో లేచింది. కూతురి తల మీద ఒక్క క్షణం చెయ్యి వేసి, అన్న వెంట బస్సు కోసం బయల్దేరింది. చిహారు కుర్చీ హుచికి దగ్గరగా లాక్కుని కూర్చుంది. వరండా చివరినుంచి సన్నగా ఒక పాట వినిపించింది, నాలుక దొర్లిస్తూ పాడే ఐనూ జోలపాట, ఒక్క మాటా తప్పకుండా.

అమ్మకి ఆ పాట వచ్చునని చిహారుకి ఆ రోజుదాకా తెలియదు.