పోలమ్మ పూసిన గోడ

నేను ఒక తాపీని. బొబ్బిలిలో ఒక కమ్మరి కొలిమి దగ్గర పుట్టి, దాలయ్య మేస్త్రీ చేతికి వచ్చాను. అతను గోడలు కడుతుంటే భార్య పోలమ్మ పదకొండేళ్లు సిమెంటు మాలు తట్టలు మోసింది. మోసేవాళ్లకి కళ్లుంటాయని ఎవరూ అనుకోరు. ఆమె మాత్రం నా ప్రతి కదలికా చూసేది.

ఒక వేసవిలో కామాక్షి టీచరుగారి ఇంటికి ప్లాస్టరింగ్ చేస్తుండగా దాలయ్య మణికట్టు బెణికింది. పని ఆగితే వేరే మేస్త్రీని పిలుస్తారు. పోలమ్మ చీర ఎగదోపి నన్ను అందుకుంది. మొదటిరోజు మాలు సగం కింద రాలింది. నాలుగోరోజుకి గోడ అద్దంలా వచ్చింది. సాయంత్రం నన్ను కడిగి, కొంగుతో తుడిచింది. దాలయ్య నన్నెప్పుడూ తుడవలేదు.

అతని చేతికట్టు విప్పాక, సెలవులకు ఊరెళ్లిన టీచరుగారు తిరిగొచ్చి, గోడను అరచేత్తో తడిమి చూశారు.

“ఎవరి చేతిపని ఇది? పై అంతస్తూ ఆ చేతికే ఇస్తాను.”

దాలయ్య భార్యను చూపించబోయాడు. పోలమ్మ నన్ను వీపు వెనక్కి దాచేసింది.

“ఆయనేనమ్మ. నాను మాలు కలిపి అందించినాను, అంతే.”

ఆవిడ వెళ్లాక దాలయ్య అడిగాడు. “ఎందుకలగ సెప్పినావే?”

“పెళ్లాం సేత గోడ పూయించుకున్నాడని నలుగురూ నవ్వితే, ఇంటికొచ్చి నువ్వు నాతో మాటాడతావేటి?”

అతను ఆమె చేతిలోంచి నన్ను మెల్లగా తీసుకున్నాడు. ఏడాది తిరిగేసరికి ఆ గోడ తనే పూసినట్టు పదిమందికీ చెప్పేవాడు. పోలమ్మ టీ అందిస్తూ ఊఁ కొట్టేది. నాకు అతని మీద కోపం రాలేదు. అతను పుచ్చుకున్నాడు, ఇచ్చింది ఆమె.

అయినా ఆశపడ్డాను. కూతురు ఝాన్సీకి పదహారేళ్లప్పుడు పెరటిగోడ పెచ్చులూడితే నన్ను పట్టుకుంది. అచ్చం తల్లి చెయ్యే. రెండు పూతలు వేసేసరికి పోలమ్మ వచ్చింది. నేర్పుతుందనుకున్నాను.

“అక్కడెట్టీ. అది మగోళ్ల పని, ఆడోళ్ల సేతికి రాదు.”

“నీకొచ్చు గదే అమ్మా. నాన్న ఓసారి నోరుజారినాడు.”

“ఏళాకోలానికి అనుంటాడు. నానెప్పుడూ ముట్టుకోనేదు.”

ఆమె గొంతు తొణకలేదు. ఝాన్సీ నన్ను కింద పెట్టి, చేతులు కడుక్కుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఇప్పుడు పిడి ఊడి, పాత ఇనుము కుప్పలో పడి ఉన్నాను. ఆ అబద్ధం మొగుడి కోసమని ఒకప్పుడు సరిపెట్టుకున్నాను. కూతురితో ఎవరికోసం ఆడిందో నాకు ఈనాటికీ తెలియదు.