ఏడో ముల్లు

నూట పన్నెండో చుక్క దగ్గర నిబ్బు కాగితంలో గుచ్చుకుంది. వీరరాఘవులు ఊపిరి బిగబట్టి చెయ్యి పైకెత్తాడు. మరక కాలేదు. కాగితం మీద సన్నటి నూగు లేచింది, అంతే. బ్లేడు మొనతో దాన్ని పడుకోబెట్టి, గోటితో నున్నగా రుద్ది, మళ్ళీ చుక్కలు పెట్టడం మొదలుపెట్టాడు. బొమ్మలో నీడ చూపించాలంటే చుక్కలే పెట్టాలి, కుంచెతో సిరా పులమకూడదు. అది లండన్ పత్రికవాళ్ళ నియమాల్లో పదకొండోది.

నియమాలు మొత్తం ఇరవై రెండు. రెండు కాగితాల నిండా అచ్చువేసినవి ఎదురుగా గోడకు గుచ్చి ఉన్నాయి. డాక్టర్ జనార్దనం గారు తన వ్యాసాన్ని మొదటిసారి పంపినప్పుడు పై కాగితం ఒక్కటే చదివారు. రెండోది ఉప్పుగాలి చెమ్మకు దాని వెనకే అతుక్కుపోయి ఉంది. నాలుగు నెలల తరవాత వ్యాసం ఓడ మీద కట్ట కట్టినట్టే తిరిగొచ్చింది. లోపలి విషయాన్ని ఎవరూ చదివిన జాడ లేదు. పైన ఒక చిన్న ఉత్తరం: బొమ్మల మీద అక్షరాలు రాయకూడదు, అచ్చులో ఉండే కొలతకు రెండింతలు మించి బొమ్మ గీయకూడదు, టైపులో వరసకూ వరసకూ మధ్య ఎడం వదలాలి, ఎడమపక్క అంగుళమున్నర ఖాళీ ఉంచాలి, లాటిన్ పేర్ల కింద గీత ఉండాలి, రెండు ప్రతులు పంపాలి. ఈ నెలాఖరుకు చేరకపోతే మరో ఏడాది ఆగాలి.

అప్పట్నించీ రాయపురంలో సముద్రానికి నాలుగు వీధుల ఇవతల ఉన్న ఆ చిన్న పరిశోధనశాలలో ఆ రెండు కాగితాలూ ఇద్దరి ప్రాణాలు తోడేస్తున్నాయి. బొమ్మలు వేసే వీరరాఘవులు ఒకడు. టైపు కొట్టే లూర్దుమేరి రెండోది. ఇద్దరి మధ్యా భుజాల ఎత్తు చెక్క అడ్డం. అవతల నుంచి టకటకలు, గంట మోత, ఆ వెంటనే ఆమె గొణుగుడు వినిపిస్తూ ఉంటాయి.

"అన్నా, ఈ పురుగు పేరు ఒక్కో పేజీలో తొమ్మిది తూర్లు వస్తా ఉండాది. తొమ్మిది తూర్లూ ఎనక్కి పొయ్యి కింద గీత కొట్టాల. నా ఏలు ఒంగిపోయింది."

"కొట్టమ్మా. ఈ దినంతో అయిపోతాది."

"నిన్న గూడా ఇదే చెప్పినావు."

నిజమే, నిన్న కూడా అదే చెప్పాడు. మొన్న కూడా. మొదటి ఎనిమిది బొమ్మలకూ కష్టం లేదు. గాజుపలక కింద దీపం పెట్టి, పాత బొమ్మల మీద కొత్త కాగితం పరిచి, అక్షరాలు వదిలేసి గీతలు మాత్రం ఎత్తాడు. తొమ్మిదోదే తగలడింది. పాతది మరీ పెద్దగా ఉంది. రెండింతలు కాదు, నాలుగింతలు. అందుకని అసలు పురుగునే మళ్ళీ మైక్రోస్కోపు కింద పెట్టి, చూసి, చిన్నగా గీయాలి.

అది వంజరం చేప మొప్పల్లో కరుచుకుని నెత్తురు తాగే పురుగు. నువ్వుగింజలో సగం ఉంటుంది. లోకంలో ఇదివరకు ఎవరూ చూడని జాతి అన్నారు డాక్టరు గారు. పేరు కూడా పెట్టేశారు. దాని దగ్గరి చుట్టం ఇంకోటి ఉంది, రెండూ అచ్చం ఒకేలా ఉంటాయి. తేడా అంతా నాలుగో జత కాలి చివర. పాత జాతికి ఆరు ముళ్ళు, దీనికి ఏడు. తొమ్మిదో బొమ్మ ఆ కాలే.

వీరరాఘవులుకు యాభై ఒకటో ఏడు. పొట్టి మనిషి. కూర్చుంటే మెడ ముందుకు వంగి, రెండు భుజాల ఎముకలూ చొక్కాలోంచి పొడుచుకొచ్చేవి. కుడి చూపుడు వేలి గోరు పక్క సిరా ఎంత తోమినా పోని నల్లచార. వాళ్ళ పూర్వులు ఏ కాలంలోనో చంద్రగిరి దిక్కు నుంచి వచ్చి పురసవాక్కంలో పాతుకుపోయారు. ఇంట్లో తనూ పెళ్ళాం చెంగమ్మా తెలుగు మాట్లాడతారు, పెరంబూరు రైలు కార్ఖానాలో పనిచేసే కొడుకు అరవంలో జవాబు చెబుతాడు. కుర్రతనంలో రాతి అచ్చు ప్రెస్సులో అగ్గిపెట్టెల మీద బొమ్మలు గీసేవాడు. ఇరవై ఐదో ఏట ఇక్కడికి వచ్చి పీతలూ రొయ్యలూ నత్తలూ గీయడంలో పడ్డాడు. ఎన్ని గీశాడో అతనికే తెలియదు. అవన్నీ సముద్రాలు దాటి ఎక్కడెక్కడో అచ్చయ్యాయి. ఒక్కదాని కిందా అతని పేరు లేదు. ఉండాలని అతనికి ఎప్పుడూ తోచలేదు. కానీ ఏ బొమ్మనైనా చూపించి, ఇందులో ఈ వెంట్రుక ఉందా అని అడిగితే, ఉందంటే ఉన్నట్టే, లేదంటే లేనట్టే. డాక్టరు గారు గానీ అంతకు ముందున్న దొర గానీ అతనితో వాదించింది లేదు.

పోయిన ఏడు అరవవాళ్ళ ఆడి నెలలో ఒక పొద్దున బస్సు కోసం నిలబడి పైకి చూస్తే కరెంటు తీగ నడిమధ్య వంకర తిరిగి కనిపించింది. ఎడమ కన్ను మూసి చూశాడు, తీగ ఇంకా వంగింది. కుడి కన్ను మూశాడు. తీగ తిన్నగా ఉంది. ఆ తరవాత నెలనెలకూ కుడి కంటి మధ్యలో పొగ కమ్ముకొచ్చింది. ఒక రోజు ఎగ్మూరు కంటి ఆసుపత్రి గేటు దాకా వెళ్ళి, లోపలికి పోకుండా తిరిగొచ్చాడు. డాక్టరు రాసిచ్చే కాగితం ఆఫీసుకు చేరితే ఏమవుతుందో అతనికి తెలుసు. ఎవరికీ చెప్పలేదు, చెంగమ్మకు కూడా. వెలుతురు సరిగా పడటం లేదని సాకు చెప్పి బల్లను ఇటు తిప్పుకుని, ఎడమ కంటితో మైక్రోస్కోపులోకి చూడటం నేర్చుకున్నాడు. పాతికేళ్ళు కుడి కంటికి అలవాటైన చెయ్యి కొత్త కంటికి లొంగడానికి ఆరు నెలలు పట్టింది.

పదకొండు గంటలకు కాలి కణుపులు మూడూ అయ్యాయి. ఇక మిగిలింది ముళ్ళు. కన్ను ఆనించి, పెన్సిలుతో ఒక్కొక్కటే ఎత్తుకుంటూ వచ్చాడు. ఆరు.

మళ్ళీ లెక్కపెట్టాడు. ఆరే. పురుగున్న గాజుపలకను సగం తిప్పాడు. వెనక దాక్కున్నదేమైనా ఉందేమోనని అద్దం కిందికి దించి చూశాడు. ఆరు.

"ఏందిరా ఇది," అన్నాడు పైకే.

పక్కనే పాత బొమ్మ ఉంది. తన చేత్తో గీసిందే, తేదీ కూడా వేసుకున్నాడు. పోయిన ఏడు పురటాసి నెలలోది, ఆడి తరవాత రెండో నెల. అందులో శుభ్రంగా ఏడు. చిట్టచివరి రెండూ పక్కపక్కనే, కవలల్లాగా. ఒక్క క్షణం ఆగి, వీరరాఘవులు తల తిప్పి, నెలల తరబడి వాడని కుడి కన్నును గొట్టానికి ఆనించాడు. మధ్యలో పొగ. కనుగుడ్డును కొంచెం పక్కకు జరిపాడు. పొగ అంచున చివరి ముల్లు మెల్లగా చీలి రెండయింది. ఏడు.

కన్ను వెనక్కి తీసి, పాత బొమ్మ మీది తేదీ మళ్ళీ చదివాడు.

పాత బొమ్మను చూసి నాలుగు గీతలు గీస్తే పని అయిపోతుంది. నాలుగున్నరకు కట్ట పోస్టులో పడుతుంది. లండన్‌లో ఎవరికి తెలుస్తుంది? పురుగు వచ్చి సాక్ష్యం చెబుతుందా? నిబ్బు సిరాలో ముంచాడు. చెయ్యి కాగితం మీదికి పోలేదు. నిబ్బు మీద సిరా ఎండిపోయేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

"మేరమ్మా, ఒక తూరి ఈడికి రామ్మా."

లూర్దుమేరి వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి. ఆరేళ్ళుగా ఈ పురుగుల పేర్లన్నీ తప్పు లేకుండా టైపు కొట్టింది గానీ ఒక్క పురుగునూ చూసి ఎరగదు.

"నాకేం తెలుసన్నా దీంట్లో?"

"లెక్కపెట్టేది తెలుసు గదా. ఆ కాలి కొసన ముండ్లు ఎన్ని ఉండాయో చూసి చెప్పు."

ఆమె జడ వెనక్కి వేసుకుని వంగింది. "అబ్బ, ఇంత అందంగా ఉంటాదా! ఒగటి, రెండు..." పెదాలు కదిలాయి. "ఆరన్నా."

"నిదానంగా చూడు."

"ఆరే. ఇదేందన్నా? ఏడు గదా నేను కొట్టింది? పదిహేడు చోట్ల కొట్టినా."

వీరరాఘవులు పాత బొమ్మను ఆమె ముందుకు జరిపాడు. మధ్యాహ్నానికి తెచ్చుకున్న అన్నం గిన్నె మూత తియ్యలేదు.

ఒంటిగంటన్నరకు డాక్టర్ జనార్దనం గారు గోధుమరంగు పెద్ద కవరు చంకన పెట్టుకుని వచ్చారు. గోదావరి వైపు మనిషి, సన్నగా, ఎత్తుగా ఉంటారు. పదేళ్ళుగా మదరాసులో ఉన్నా ఆ ఊరి మాట పోలేదు.

"అయిందా రాఘవులూ? విమానం టపా తప్పిపోతే మన కొంప మునుగుతుంది."

"ముండ్లు ఆరే ఉండాయి సార్."

"ఏడయ్యా. నీ బొమ్మలోనే ఏడున్నాయి."

"ఉండాయి సార్. పురుగుకు ఆరే."

"కాలు పక్కకి తిరిగి ఉంటుంది. ఒకటి చాటుగా ఉండి ఉంటుంది. ఇప్పుడు అదంతా చూస్తూ కూర్చునే టైము లేదు. పాతది చూసి వేసెయ్యి."

"వెయ్యలేను సార్."

ఇరవై ఆరేళ్ళలో ఆ గదిలో అతని నోటి నుంచి ఎవరూ వినని మాట అది. డాక్టరు గారు కవరు బల్ల మీద పెట్టారు. కోపం కన్నా విసుగే ఎక్కువగా ఉంది ఆయన మొహంలో.

"చత్వారం ముదిరినట్టుంది నీకు. కళ్ళజోడు మార్చుకోమని చెబితే వినవు. ఆ కళ్ళతో చూసి నాతో వాదనేమిటయ్యా?"

వీరరాఘవులు లేచి నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బల్ల అంచు పట్టుకున్నాడు.

"కుడి కన్ను పోయింది సార్. నిజమే. ఆ పాత బొమ్మ దాంతో ఏసిందే, అది చెడతా ఉండిన కాలంలో. ఆ ఏడో ముల్లు పురుగుకు లేదు, నా కంట్లో ఉండాది. ఇప్పుడు చూసింది ఎడమ కంటితో. ఇది బాగుండాది. ఈ కన్ను ఆరంటే ఆరే."

అడ్డం అవతల టైపు మిషను ఆగిపోయింది.

డాక్టరు గారు ముక్కాలిపీట లాక్కుని మైక్రోస్కోపు ముందు కూర్చున్నారు. చాలాసేపు చూశారు. తరవాత బీరువాలోంచి సీసా తెప్పించి, అందులో మిగిలిన ఐదు పురుగులనూ ఒక్కొక్కటే పైకి తీసి, సూదులతో కాళ్ళు విడదీసి, చూశారు. వీరరాఘవులు పక్కన నిలబడి గాజుపలకలు తుడిచి అందించాడు. మూడున్నర అయింది. బయట చేపల బండి ఒకటి గంట కొట్టుకుంటూ పోయింది.

"ఆరు," అన్నారు డాక్టరు గారు చివరికి. "అన్నింటికీ ఆరే. నేనూ చూశానయ్యా అప్పట్లో. నీ బొమ్మ ముందు పెట్టుకుని చూశాను. ఏడు కనిపించాయి నాకు."

ఆయన కళ్ళు నులుముకున్నారు. "మేరీ, ఇంక ఆపమ్మా."

"ఇంగొక్క పేజీ సార్, అయిపోయింది."

"ఆపమ్మా. ఇది కొత్త జాతి కాదు. పాతదే."

కాగితం మిషనులోంచి బయటికి లాగిన చప్పుడు గదంతా వినిపించింది.

"ఎప్పట్నించి నీ కంటికిలా?" అన్నారు డాక్టరు గారు.

"పోయిన ఏడు ఆడి నెల నుంచి."

"ఆ తరవాత మనం పంపినవి ఇంకో రెండున్నాయి."

"ఉండాయి సార్. రొయ్య ఒగటి, నత్త ఒగటి."

"వాటిలో?"

"తెలీదు సార్," అన్నాడు వీరరాఘవులు. తన బొమ్మ గురించి ఎవరైనా అడిగితే ఆ జవాబు చెప్పాల్సి రావడం అదే మొదటిసారి.

"ముందే ఒక్క మాట చెప్పి ఉంటే..."

"చెప్పుంటే ఆ పొద్దే ఇంటికి పొమ్మనుందురు సార్."

డాక్టరు గారు కాదనలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి, వెనక్కి తిరగకుండానే అన్నారు. "ఆఫీసుకి రాయాలి రాఘవులూ. రాయకుండా ఉండలేను."

"రాయండి సార్."

ఆయన వెళ్ళిపోయాక వీరరాఘవులు కుర్చీలో కూర్చున్నాడు. తొమ్మిదో బొమ్మ సగంలో ఉంది. ఇంక అది ఎక్కడికీ పోదు, ఎవరికీ అక్కర్లేదు. అయినా నిబ్బు కడిగి, కొత్తగా సిరా తీసుకుని, ఆరు ముళ్ళూ గీశాడు. ఒక్కో ముల్లు మొదట్లో మందంగా, చివర వెంట్రుకలా. పక్కన, నియమం ప్రకారం, కొలత చూపించే చిన్న గీత. బొమ్మ మీద అక్షరాలు లేవు. కాగితం ఆరేదాకా ఆగి, మిగతా ఎనిమిదింటి కింద పెట్టాడు.

"అన్నా," అంది లూర్దుమేరి, అడ్డం మీదుగా తొంగి చూస్తూ, "నేను చూడకుండా ఉండుంటే బాగుండు. నీ నోరు మూసుకుని ఏడు గీసేసి ఉందువు."

"నువ్వు చూసినందుకే నాకు ధైర్యం వచ్చిందమ్మా. లేకుంటే ఎడమ కన్ను గూడా పోయిందనుకొనుందును."

ఆమె కళ్ళు తుడుచుకుని, టైపు మిషను మీద గుడ్డ కప్పింది.

ఎండ ఉండగానే ఇల్లు చేరాడు. అతను రోజూ ఇంటికి వచ్చి ఆ పత్రికవాళ్ళను తిట్టుకోవడం చెంగమ్మ నెల రోజులుగా వింటోంది. చెంబుతో నీళ్ళిస్తూ అడిగింది.

"పోస్టు చేసేస్తిరా ఆ శనిని?"

"లేదు. ఆ పురుగు పాతదంట."

"పాతదయితే ఏమి? పురుగు పురుగే గదా."

వీరరాఘవులు కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చున్నాడు. వీధి చివర, ట్రాములు ఆగిపోయి రెండేళ్ళయినా, పట్టాలు ఇంకా తీయలేదు, తుప్పు పట్టి కనిపిస్తున్నాయి. ఎడమ చేత్తో కుడి కన్ను మూసుకుని వాటిని చూశాడు. తిన్నగా ఉన్నాయి. చెయ్యి తీసి, చెంగమ్మను పక్కన కూర్చోమని, అప్పుడు చెప్పాడు.

ఆ తరవాత అతను పరిశోధనశాలకు వచ్చింది రెండుసార్లే, పని మానిపించిన కాగితాల మీద సంతకాలు పెట్టడానికి. గుమ్మం దగ్గరే నిలబడి పెట్టి వెళ్ళాడు. ఇరవై రెండు నియమాలనూ తుచ తప్పకుండా పాటించిన వ్యాసం, ఒక్క పేజీ తక్కువగా, రెండు ప్రతులూ దారం కట్టి బీరువా అడుగున చేరింది. ఐప్పసి నెల వానలు మొదలయ్యాక ఒక పొద్దున, ఆ బల్లను వేరే గదికి మోసుకుపోతారని తెలిసి, లూర్దుమేరి సొరుగు ఖాళీ చేసింది. లోపల ఏమీ లేదు, జానెడు మామిడిచెక్క తప్ప. తడి సిరా మీద చెయ్యి ఆనకుండా గీయడానికి బొమ్మకు అడ్డంగా పెట్టుకునేది. రెండు చివరలా నల్లటి చుక్కలు. మధ్యలో, మణికట్టు ఆనినచోట, చెక్క అరిగి అరిగి, కాస్త నూనె పట్టినట్టు నిగనిగలాడుతూ, చిన్న పల్లం.