లిడియా దిగిన చోట

అక్టోబరులో ఆ ఆదివారం పొద్దున లిడియా ఫోను చేసేసరికి అంద్రెయ మాస్టారు రేపల్లెలో చర్చికి తయారవుతున్నారు.

"నాన్నా, ఇవాళ అలలు కాస్త పెద్దగా ఉన్నాయి. దిగమంటావా, వద్దా?"

లిడియా విశాఖలో సముద్ర జీవశాస్త్రం చదువుతోంది. ఊరు దాటాక ఒక చోట, ఒడ్డుకి దగ్గర్లోనే, నీళ్ళలో మునిగి ఉండే రాళ్ళ గుట్టలున్నాయి. వాటి మధ్య బతికే చేపల మీద ఆమె ప్రాజెక్టు. ముఖానికి అద్దాల మాస్కు, నోట్లో గాలి గొట్టం పెట్టుకుని బోర్లా తేలుతూ చూడాలి. దాన్ని స్నార్కెలింగ్ అంటారని ఆయనకి చెప్పింది కూడా ఆమే.

"అంత దూరం వెళ్ళి దిగకుండా వచ్చేస్తావేంటి? ఈత వచ్చుగా, జాగ్రత్తగా దిగు" అన్నారాయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

ఆరాధన ముగియకముందే కబురొచ్చింది. అల ఎత్తి రాతికేసి కొట్టింది. తలకి దెబ్బ తగిలింది. ఒడ్డుకి తెచ్చేసరికే ప్రాణం లేదు. లిడియాకి ఇరవై రెండేళ్ళు.

ఆ ఫోను సంగతి ఆయన నలభై రోజులు కడుపులోనే దాచుకున్నారు. జ్ఞాపకార్థ కూడిక అయి బంధువులు వెళ్ళిపోయిన రోజు భార్య కరుణశ్రీకి చెప్పేశారు. ఆమె భట్టిప్రోలు బడిలో టీచరు. కూతురి బట్టలు మడతపెడుతున్నదల్లా ఆగిపోయింది.

"భయపడింది కాబట్టే అడిగిందండీ. మీ చేత వద్దనిపించుకోడానికే అడిగింది" అంది.

అక్కణ్ణించి ఆయనతో మాట్లాడటం మానేసింది. వేళకి అన్నం వడ్డించేది, బస్సుకి వెళ్ళేది, వచ్చేది.

ఫిబ్రవరిలో అంద్రెయ సెలవు పెట్టి తెనాలిలో విశాఖ రైలెక్కారు. కూతురు చివరిగా ఏం చూసిందో తనూ చూడాలనిపించింది. చూస్తే లోపల కొంచెమైనా కుదుటపడుతుందేమోనని ఆశ.

ఒడ్డున మాస్కులు అద్దెకిచ్చి, వచ్చినవాళ్ళని రాళ్ళ దాకా తీసుకెళ్ళే రాహుల్ అనే అతనే ఆ రోజు లిడియాని మోసుకొచ్చాడు. తండ్రినని చెప్పగానే అతని ముఖం పాలిపోయింది.

"ఈత వచ్చా మాస్టారూ?"

"కాలవల్లో ఈదినవాణ్ణే."

"లైఫ్ జాకెట్ వేసుకోండి. నా చెయ్యి మాత్రం వదలొద్దండి."

మొదట గొట్టంలోకి ఉప్పునీళ్ళు పోయి ఉక్కిరిబిక్కిరయ్యారు. నోటితో నెమ్మదిగా ఊపిరి తీయడం రాహుల్ ఓపిగ్గా నేర్పాడు. నాలుగోసారి ముఖం నీళ్ళలో పెట్టాక అడుగంతా కనబడింది.

సముద్రమంటే ఆయనకి బాపట్ల సూర్యలంకే. అక్కడ మోకాలి లోతుకి దిగితే పాదాలు కనబడవు. ఇక్కడ రాళ్ళ మీద పాచి గడ్డిలా ఊగుతోంది. నల్లచారల చేపలు గుంపుగా ఆయన చేతుల కింద నుంచే పోతున్నాయి. ఒక బుల్లి చేప తన రాతి సందు ముందు కాపలా కాస్తూ, తనకన్నా పెద్దవాటిని తరిమేస్తోంది. ఇలాంటివన్నీ లిడియా ఫోనులో చెబుతుంటే ఆయన పేపరు చూస్తూ ఊఁ కొట్టేవారు. ఒక్కదాని పేరూ గుర్తులేదు. ఇప్పుడు అడుగుదామంటే పిల్ల లేదు.

రాహుల్ భుజం తట్టి ఒక రాయి చూపించాడు. మిగతావాటిలాంటిదే. అంద్రెయ దాని మీద చెయ్యి వేస్తే అరచెయ్యి గీరుకుపోయింది. కాళ్ళకి ఇసక తగిలింది. లేచి నిలబడ్డారు. నీళ్ళు ఛాతీ దాకానే ఉన్నాయి.

"ఇక్కడేనా?"

"ఇక్కడేనండి."

"నిలబడొచ్చు కదయ్యా ఇక్కడ!"

రాహుల్ తల దించుకున్నాడు. "ఆ రోజు పొద్దున నేను వద్దనలేదు మాస్టారూ. రోజూ దిగే అమ్మాయేగా అనుకున్నాను."

అంద్రెయ మాస్కు తీయలేదు. దాని లోపలే ఏడ్చారు. ఏమీ కుదుటపడలేదు. ఎక్కడో లోతు నీళ్ళలో పోయిందని ఇన్నాళ్ళూ మనసుకి చెప్పుకున్న మాట కూడా ఇప్పుడు పోయింది.

మర్నాడు సాయంత్రం ఇల్లు చేరేసరికి కరుణశ్రీ వరండాలో నోటు పుస్తకాలు దిద్దుతోంది. ఇన్ని నెలల తర్వాత తనంతట తాను నోరు విప్పింది.

"చూశారా?"

"చూశాను."

"లోతెంత?"

చాలా లోతని, ఎవరొచ్చినా ఏం చేయలేకపోయేవారని చెబుదామని రైలంతా అనుకుంటూ వచ్చారు. ఆమె ముఖం చూశాక నోరు రాలేదు.

"ఛాతీ దాకా. కింద ఇసకే."

ఆమె కలం మూత పెట్టి లోపలికి వెళ్ళింది. ఏడుపు వినబడలేదు. కాసేపటికి సంచితో బయటికొచ్చింది.

"భట్టిప్రోలులో అక్కా వాళ్ళింట్లో ఉంటానండి."

"ఎన్నాళ్ళు?"

"తెలీదండి. మీరు మాట్లాడితే చాలు, ఆ ఫోనే వినబడుతోంది నాకు."

ఆయన సంచి అందుకుని బస్టాండు దాకా వెంట నడిచారు. ఆమె బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదిలేదాకా ఆయన కిందే నిలబడ్డారు. కరుణశ్రీ ఇటు తల తిప్పలేదు.