గాలికి వన్స్‌మోర్

మధ్యాహ్నం మూడున్నర. మైలవరం వైపు ఆకాశం నల్లబడింది. ఆకు కదలడం లేదు.

వరలక్ష్మి మామిడితోటలో చిన్నరసాలు ట్రేల్లో సర్దుతోంది. చెట్ల మీద ఏడుగురున్నారు, కాయ కోస్తూ. అందరికంటే పైన ఆమె కొడుకు ప్రసాద్.

గాలి వచ్చేసింది. మొదటి విసురుకే ఎవరూ ఎక్కని చెట్టొకటి కూకటివేళ్లతో పడింది.

ఆమె రోడ్డు దాటి ఎదురింటి అరుగెక్కింది. భానుమూర్తి గారు అప్పటికే హార్మోనియం తెరిచారు. ఎనభై నాలుగేళ్లు. నలభై నాటకాలకు వరసలు కట్టిన మనిషి. ఇటు ఉంగుటూరు దాకా ఎవరు పద్యం ఎత్తుకున్నా ఆయన వరసే. ఈ తోటల్లో గాలి కూడా దానికే ఆగుతుంది, పద్యం అయ్యేదాకా నిలబడి వింటుంది. ఈదురుగాలి లేస్తే రైతులు ఆయనకే కబురు పెట్టేవారు.

"నాకు గొంతు లేదమ్మా. నువ్వు పాడు."

"నేనా? స్టేజీ ఎక్కే మొహమేనండీ ఇది?"

"కాయలు సర్దుతూ రోజూ పాడేది ఎవరి వరసనుకున్నావు? అడవిలో తల్లి బిడ్డను వెతికే పద్యం. అందుకో."

పాడింది. గాలి ఆగింది. వంగిన కొమ్మలు వంగినట్టే నిలిచాయి. ఒక్కొక్కరే దిగుతున్నారు. ఆరుగురు దిగారు. చివరి పాదంలో ఆమె రాగం తీసింది.

అరుగు కింద నిలబడి వింటున్న ట్రాక్టరు డ్రైవరు అప్పారావు చప్పట్లు కొట్టేశాడు. నాటకాల పిచ్చోడు, రాగం సాగితే చేతులాగవు. పద్యం అయిపోయిందనుకుంది గాలి. తోటలో కొమ్మ విరిగిన చప్పుడు.

"కొంప ముంచావు కదరా," అన్నారు భానుమూర్తి గారు. "వన్స్‌మోర్ అను. ఆ మాటంటే స్టేజీ మీద చచ్చినోడే లేచి పాడతాడు. గాలెంత?"

అప్పారావు అరిచాడు. గాలి వెనక్కొచ్చి నిలబడింది. వరలక్ష్మి మళ్లీ ఎత్తుకుంది కానీ ఊపిరి చాల్లేదు. రాగం తెగబోయిన చోట హార్మోనియం అందుకుంది. ముసలి చెయ్యి తిత్తి వదల్లేదు. ప్రసాద్ కాళ్లు నేలకు ఆనేదాకా వదల్లేదు.

అప్పుడు పడింది వాన.

సాయంత్రం తమ పేటలో ట్రాక్టరు దిగేవాళ్లను ఆమె వేలుతో లెక్కపెట్టింది. సలోమోను ఒకటి. చివర ప్రసాద్, ఏడు. వేలు ఇంకా దించలేదు.

"భానుమూర్తి గారు?"

"నేనే లోపలికి తీసుకెళ్లి పడుకోబెట్టా," అన్నాడు అప్పారావు. "టీ అడిగారు."

"ఎనిమిది," అంది.