ఉప్పు పలచబడిన వేళ

ఇస్త్రీ దుకాణం పెద్దావిడంటే ఆ వీధి వీధంతా హడల్. కోపం ఎప్పుడూ ముక్కు మీదే. వడగాలి కొడుతున్నా దుకాణం మూయదు. మూడు రోజులుగా చెమటలు కక్కుతూ, చెంబులకు చెంబులు ఉత్త నీళ్ళు తాగుతూ, మెతుకు ముట్టకుండా పని చేసింది.

మూడో రోజు మధ్యాహ్నం తెల్ల చొక్కాలు పడవల్లా కదిలాయి. ఆమెకది వింతగా తోచలేదు. గోడలు మెత్తబడ్డాయి. నేల నీళ్ళలా ఊగింది. ఎదురుగా ఎప్పుడో పోయిన తల్లి నిలబడి ఉంది.

"అమ్మా, నాకు జడ వెయ్యవూ?" అని అడిగింది పెద్దావిడ.

అక్కడున్నది కోడలు. పదేళ్ళలో అత్తగారి నోట అంత మెత్తని మాట విని ఎరగదు. గబుక్కున ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకి, ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

మంచం మీద పడుకున్న పెద్దావిడకు మాటలు ఏటి అడుగునుంచి వింటున్నట్టు వినిపించాయి.

"చెమటతో ఉప్పు పోయింది, పైనుంచి ఉత్త నీళ్ళు తాగారు," అంటోంది డాక్టరమ్మ. "మన ఒంట్లో ప్రతి కణానికీ పల్చటి పొర ఉంటుంది. ఉప్పు ఎటు ఎక్కువుంటే నీళ్ళు ఆ పొర దాటి అటు పోతాయి. ఇప్పుడు రక్తంలో ఉప్పు పలచబడింది కదా, నీళ్ళు కణాల్లోకి చేరి మెదడు ఉబ్బింది. అందుకే ఈ కలవరింతలు."

"అయితే గబగబా ఉప్పు ఎక్కించెయ్యండమ్మా!" అంది కోడలు.

"అమ్మో, వద్దు. నీళ్ళు ఒక్కసారిగా బయటికొస్తే మెదడే దెబ్బతింటుంది. నెమ్మదిగానే ఎక్కించాలి."

సీసాలోంచి ఉప్పునీళ్ళు బొట్టు బొట్టుగా దిగాయి. జుట్టులో ఎవరివో వేళ్ళు చిక్కులు తీస్తున్నాయి. ఆమె ఆ వేళ్ళనే పట్టుకుని ఎక్కడెక్కడో తేలింది.

ఆసుపత్రిలో రెండో రోజు ఉదయానికి గోడలు గోడల్లా నిలబడ్డాయి. మంచం పక్కన కోడలు కునికిపాట్లు పడుతోంది. కళ్ళు గుంటలు పడ్డాయి.

"నేనేమైనా వాగానా?"

"జడ వెయ్యమన్నారత్తయ్యా. నన్ను అమ్మా అని పిలిచారు."

పెద్దావిడ భుజం మీదున్న జడను తడుముకుంది. అలవాటుగా ఏదో కసరబోయి ఆగింది.

"నువ్వేమైనా తిన్నావా?"

కోడలు తల అడ్డంగా ఊపింది.

"ఫో, తినిరా. నేనెక్కడికీ పారిపోను," అంది పెద్దావిడ. ఆ పిల్ల గుమ్మం దాటేదాకా అటే చూస్తూ ఉండిపోయింది.